గుండ్రటి బల్ల.. ఒకటే మాట

మీ ఫోన్‌కి కూడా ఇలాంటి మెసేజ్ ఒకటి వచ్చే ఉంటుంది. ‘మేధావుల రౌండ్ టేబుల్ సమావేశం. ఉదయం 10 గంటలకు. ప్రజాసంఘాల నాయకులు, జర్నలిస్టులు, విద్యార్థులు అందరూ ఆహ్వానితులే. భోజన సదుపాయం కలదు.’ కింద పది ఫొటోలు. చేతులు కట్టుకున్నవాళ్లు కొందరు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నవాళ్లు కొందరు.

సాలూరులో జరిగిన అలాంటి మీటింగుకి ఒకసారి నేనూ వెళ్లాను. అంశం కొటియా. మా కొండల మీద ఆంధ్రా, ఒడిశా రెండూ ‘మావే’ అనే 20కి పైగా గిరిజన గ్రామాల సంగతి. హాల్లోకి వెళ్లగానే మొదట కనబడిందేంటంటే, రౌండ్ టేబుల్ రౌండుగా లేదు. టెంటు హౌసు బల్లలు నాలుగు పొడవునా కలిపేసి పైన తెల్లగుడ్డ పరిచారు. సర్లెండి, బల్ల ఆకారంతో పనేముంది? మాట్లాడేవాళ్లు ముఖ్యం అనుకుని కూర్చున్నా.

పదకొండు మంది మాట్లాడారు. రిటైర్డ్ లెక్చరర్లు, లాయర్లు, రెండు మూడు పార్టీల నాయకులు, సంఘాలవాళ్లు, ఒక కవి. పదకొండు మందీ చెప్పింది ఒకటే. కొటియా మనదే, మన ప్రభుత్వానికి పట్టడం లేదు, అవతలివాళ్ల దూకుడు ఆపాలి. ఒకాయన చరిత్రతో మొదలెట్టి అక్కడికొచ్చాడు. ఇంకొకాయన పద్యంతో మొదలెట్టి అక్కడికే వచ్చాడు. ‘నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పినట్టు..’ అనని వాళ్లు లేరు. చివర్లో ఐదు తీర్మానాలు ‘ఏకగ్రీవంగా’ ఆమోదించారు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ తీర్మానాల కాగితాన్ని పొద్దున్న పదిన్నరకే జిరాక్స్ తీసి విలేకరుల ఫైళ్లలో పెట్టేశారు. చర్చ మొదలవకముందే ముగింపు రెడీ అన్నమాట.

ఆఖరి వరసలో కొండ మీద నుంచి దిగొచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకసారి లేచి చెయ్యెత్తాడు. ‘టైమ్ అయిపోయింది తాతా, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం’ అన్నారు. భోజనాలయ్యాక వినడానికి ఎవరూ మిగల్లేదు.

బయట టీ కొట్టు దగ్గర నేనే అడిగాను. ‘ఏటి సెప్దామనుకున్నావు తాతా?’

‘నాను సెప్తే ఆళ్లకి నచ్చదు బావూ’ అన్నాడు. ‘నాకు ఇటు కార్డుంది, అటు కార్డుంది. ఇటు బియ్యం, అటు బియ్యం. ఇటోడు రోడ్డేస్తానంటే అటోడు ముందే ఏసేస్తాడు. ఇద్దరూ తగువాడుకుంతన్నారు కాబట్టే మా ఊరు కనబడతంది. తగువు తీరిపోతే మమ్మల్నెవడు సూస్తాడు?’

గ్లాసు కింద పెట్టి మళ్లీ తనే అన్నాడు. ‘మా తమ్ముడి కొడుకు మాత్రం తగువు తీరాలంతాడు. ఆడికి భూమికి పట్టా కావాల. ఇటు ఆపీసుకెల్తే అటెల్లమంతారు, అటెల్తే ఇటెల్లమంతారు. మా ఇంట్లోనే రెండు మాటలు బావూ.’

వాళ్ల ఇంట్లో రెండు మాటలున్నాయి. మా హాల్లో పదకొండు మంది మేధావులుండి ఒకటే మాట ఉంది. ఆ రోజు నుంచి నాకు ఈ ప్రశ్న వదల్లేదు. మనం ‘చర్చ’ అని పిలుస్తున్నది నిజంగా చర్చేనా?

అసలు కథ ఏంటంటే

కొటియా గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయింది. అప్పుడు గీసిన గీత ఈ కొండల మీద సరిగ్గా తేలలేదు. మన లెక్కలో ఇవి సాలూరు మండలం. వాళ్ల లెక్కలో కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాక్. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టు చెప్పింది. 2006లో మళ్లీ, సరిహద్దు సంగతి తేల్చాల్సింది పార్లమెంటు అని వదిలేసింది. 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమంటూ మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. అదే ఏడాది నవంబర్ 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని, అధికారుల కమిటీ వేసి తేల్చుకుందాం అనుకున్నారు. 2022 ఏప్రిల్‌లో మా సాలూరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. కొటియా మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అంటే ఇది చిన్న విషయం కాదు. రెండు రాష్ట్రాల రేషను, రెండు ఓటరు కార్డులు, భూమి పట్టా, కులం సర్టిఫికెట్.. అన్నీ ముడిపడి ఉన్నాయి. ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే వేరు. రేపు గీత అటు పడితే ఒకడికి లాభం, ఇటు పడితే ఇంకొకడికి నష్టం. ఇంత చిక్కున్న విషయం మీద పదకొండు మందికీ ఒకటే అభిప్రాయం ఉండటం ఎలా కుదిరింది?

మొహమాటం అనే మోడరేటర్

ఒక కారణం చాలా మామూలుది. మొహమాటం.

మాది చిన్న ఊరు. బల్లకి అటుపక్క కూర్చున్నాయన నాకు చదువు చెప్పిన మాస్టారు. ఇటుపక్కాయన మా మేనమామ తోడల్లుడు. మధ్యలో ఉన్నాయన సంతకం పెడితేగాని మా పక్కింటి కుర్రాడికి పని దొరకదు. ఇక్కడ లేచి ‘మాస్టారూ, మీరు చెప్పింది తప్పు’ అనాలంటే రేపు ఆయన ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని ‘పెద్దలు చెప్పినట్టు’ అని మొదలెడతాం. అలా మొదలెట్టాక ఇంకెక్కడికి వెళ్లగలం?

రెండోది, పిలుపులోనే ఉంది. పిలిచేవాడు తనతో ఏకీభవించేవాళ్లనే పిలుస్తాడు. పది సంఘాల పేర్లుంటాయి, పదింటిలోనూ ఆ పాతిక మందే. ‘అఖిలపక్షం’ అంటారు, ఎవరిని తిట్టాలో ఆ పక్షం తప్ప మిగతావన్నీ ఉంటాయి. కొటియా మీద సాలూరులో మీటింగ్ పెడితే ‘మాదే’ అని తీర్మానం అవుతుంది. అదే మీటింగ్ కొరాపుట్‌లో పెడితే? అక్కడా ఏకగ్రీవంగా ‘మాదే’ అనే అవుతుంది. రెండు చోట్లా మేధావులే!

మూడోది, భయం. కొంచెం తేడాగా మాట్లాడితే చాలు, ‘వీడు అటువైపు మనిషి’ అని ముద్ర పడిపోతుంది. ‘ముందు ఆ ఊరివాళ్లని అడుగుదాం’ అంటే సాలు, ద్రోహి అయిపోతాం. ఆ మాట వాట్సాప్ గ్రూపుకెక్కితే ఇంటికెళ్లేలోపు చుట్టాలందరికీ తెలిసిపోతుంది.

టీవీలో గొంతులు పగిలిపోతాయి కదా?

‘చిన్నూరు మీటింగులు అలా ఉంటాయిలెండి, టీవీ డిబేట్లలో కొట్టుకుంటారు కదా’ అంటారేమో. కొట్టుకుంటారు. కానీ ఒక పని చేసి చూడండి. ఏదైనా డిబేట్‌ని సౌండ్ తీసేసి చూడండి. మనిషిని చూస్తే చాలు, ఏం మాట్లాడుతున్నాడో మీకు తెలిసిపోతుంది. పార్టీ అధికార ప్రతినిధి పార్టీ మాట మాట్లాడతాడు. ‘విశ్లేషకుడు’ అని కింద రాసినాయన కూడా ఏదో ఒక పార్టీ మాటే మాట్లాడతాడు. గంటసేపు అరుచుకుంటారు, బ్రేకులో కలిసి టీ తాగుతారు, రేపు మళ్లీ అవే కుర్చీలు.

నా దృష్టిలో మా సాలూరు హాలుకీ, ఆ స్టూడియోకీ పెద్ద తేడా లేదు. అక్కడ అందరూ ఒప్పుకోవడం ముందే రాసి ఉంది. ఇక్కడ అందరూ గొడవపడటం ముందే రాసి ఉంది. రెండు చోట్లా ఎవరూ ఎవరి మాటా వినక్కర్లేదు. పాడ్‌కాస్టులు కాస్త నయం, సమయం ఉంటుంది, అరుపులుండవు. కానీ అక్కడ కూడా చాలాసార్లు అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే గూటివాళ్లు. రెండు గంటలపాటు ‘కరెక్ట్ సర్, కరెక్ట్ సర్’.

మనవాడు ఒకడు ఒప్పుకోలేదు

నిజంగా విభేదించడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. విజయనగరం దాకా వెళ్తే చాలు.

తెలుగు విద్యార్థులు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలి అన్నది నూరేళ్ల కిందట పెద్ద గొడవ. పుస్తకాల గ్రాంథికంలోనా, మనుషులు మాట్లాడే వ్యావహారికంలోనా? మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున కమిటీ కూర్చుంది. ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. సభ్యుల్లో ఒకాయన ఒప్పుకోలేదు. గురజాడ అప్పారావు. ‘సరే, ఎక్కువమంది అలా అంటున్నారు కదా’ అని సంతకం పెట్టి వచ్చేయలేదు. తనెందుకు ఒప్పుకోవడం లేదో 1914లో అసమ్మతి పత్రం రాసిచ్చాడు. ఒక పేరా, రెండు పేరాలు కాదు. పుస్తకమంత. అవతలివాళ్ల ఒక్కొక్క వాదాన్నీ తీసుకుని జవాబు రాశాడు.

అప్పటికి ఆయన ఓడిపోయాడు. 1915 నవంబర్ 30న చనిపోయాడు కూడా. కానీ ఇప్పుడు మీరు ఫోన్‌లో చదువుతున్న ఈ కాలమ్ ఏ తెలుగులో ఉందో చూడండి.

ఆయన చిన్ననాటి సహాధ్యాయి గిడుగు రామమూర్తి ఇంకో రకం. అవతలివాళ్ల సభలకే వెళ్లేవాడు. గ్రాంథికం రాస్తున్నామనే పండితుల పుస్తకాలే తీసుకెళ్లి, అందులో వాళ్ల సొంత రూలుకి వాళ్లే ఎక్కడ నిలబడలేదో చూపించేవాడు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాట్లాడి ఒప్పించాడని చెబుతారు. ఆ పరిషత్తు పుట్టిందే గ్రాంథికాన్ని కాపాడటానికి. ప్రత్యర్థులు తమ సభలో నాలుగు గంటలు మాట్లాడనిచ్చారు, విన్నారు, కొంత మారారు. మెచ్చుకోవాల్సింది ఒక్క గిడుగునే కాదు, విన్నవాళ్లని కూడా. అవతలిపక్షం పెద్ద జయంతి రామయ్య పంతులు కూడా తక్కువవాడు కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటి పనికి పూనుకున్న మనిషి. రెండు వైపులా పని చేసినవాళ్లున్నారు కాబట్టే ఆ గొడవ వల్ల భాషకి లాభం జరిగింది.

ఇంకో ముక్క. గిడుగు సవరల గురించి మాట్లాడేముందు సవర భాష నేర్చుకున్నాడు. వాళ్లకోసం పుస్తకాలు రాశాడు. 1936లో గీత గీసి పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే ఒప్పుకోక, అన్నేళ్లు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయాడు. కొటియా తగువుకి మూలమైన గీతే అది. ఆయన అసమ్మతికి ఖర్చుంది. ఇల్లు పోయింది, ఊరు పోయింది. మన మీటింగుల్లో మనకి పోయేదేంటి? మహా అయితే ఒక పూట.

లండన్ బల్ల దగ్గర

‘రౌండ్ టేబుల్’ అనే మాట మన రాజకీయాల్లో గట్టిగా వినబడింది 1930 నుంచి 1932 వరకు లండన్‌లో జరిగిన మూడు సమావేశాలతో. రెండోదానికి, 1931లో, గాంధీ వెళ్లారు. అంబేద్కర్ కూడా ఉన్నారు. అంటరానివారి తరఫున మాట్లాడే హక్కు ఎవరిది, వాళ్లకి వేరే ఓటర్ల జాబితా ఉండాలా వద్దా అన్నదాని మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అక్కడ తెగలేదు. తర్వాత ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించడం, ఎరవాడ జైల్లో గాంధీ నిరాహార దీక్ష, 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, రాష్ట్రాల శాసనసభల్లో 71 బదులు 148 సీట్లు రిజర్వు అయ్యాయి. అంబేద్కర్ ఎంత ఒత్తిడిలో సంతకం పెట్టారో తర్వాత ఆయనే రాశారు.

ఆ గొడవ ఇప్పటికీ అయిపోలేదు. సీటు రిజర్వుడు, ఓటు మాత్రం అందరిదీ అనే పద్ధతికి మూలం అదే. ఎస్టీ రిజర్వుడైన మా సాలూరులో మేము ఓటేసేది కూడా ఆ పద్ధతిలోనే. అంటే 90 ఏళ్ల కిందటి ఒక విభేదం ఇవాళ మా పోలింగ్ బూత్‌లో ఉంది. అసలైన చర్చకి అంత ఆయుష్షు ఉంటుంది. ‘ఏకగ్రీవ తీర్మానం’ ఆయుష్షు ఎంత? మర్నాడు జిల్లా ఎడిషన్‌లో రెండు కాలాల వార్త.

మరి ఐక్యత అక్కర్లేదా?

ఇక్కడ మీలో కొందరికి కోపం రావచ్చు. ‘ఢిల్లీతో మాట్లాడాల్సినప్పుడు అందరం ఒకే మాట మీద ఉండాలి కదా. విశాఖ ఉక్కు ఎలా వచ్చింది?’ అని.

నిజమే. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని అందరూ ఒక్కటవకపోతే, 32 మంది ప్రాణాలు పోకపోతే ఆ ఫ్యాక్టరీ లేదు. బలహీనుడికి ఐక్యతే బలం. దాన్ని నేను తక్కువ చెయ్యను. కొటియా మీద కూడా ప్రభుత్వాన్ని కదిలించాలంటే పదిమంది ఒక గొంతు కావాల్సిందే.

కానీ అలాంటిదాన్ని సభ అనండి, ధర్నా అనండి. చర్చ అనకండి. ఎందుకంటే ‘వద్దు’ అనడానికి ఐక్యత సరిపోతుంది, ‘మరేం కావాలి’ అన్నదానికి సరిపోదు. ఉక్కునే చూడండి. 2021 జనవరిలో కేంద్రం అమ్మకానికి ఓకే అన్నప్పటి నుంచి విశాఖలో ఎన్ని రౌండ్ టేబుళ్లు జరిగాయో లెక్కలేదు. అన్నింట్లోనూ ‘ప్రైవేటీకరణ వద్దు’. మంచిదే. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. కానీ అసలు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. సొంత గనులు ఇవ్వాలా? సెయిల్‌లో కలపాలా? అప్పులేం చెయ్యాలి? కాంట్రాక్టు కార్మికుల సంగతేంటి? వీటి మీద పర్మినెంట్ ఉద్యోగికీ, కాంట్రాక్టు కార్మికుడికీ, భూమిచ్చి ఉద్యోగం రాని నిర్వాసితుడికీ ఒకే జవాబు ఉండదు. ఆ ముగ్గుర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరితో ఒకరిని వాదించుకోనిస్తే.. అదీ చర్చ.

లారీ షెడ్డులో చూసింది

సాలూరు అంటే లారీలు. ఇక్కడి నుంచి సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్, రాయపూర్ వైపు పోతాయి. లారీ బాడీలు కట్టే షెడ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. ఒకరోజు ఒక షెడ్డులో కూర్చున్నాను. ఓనరుకి బాడీ ఎత్తు ఇంకొంచెం కావాలి, లోడు ఎక్కువ పడుతుంది కదా. మేస్త్రీ ఒప్పుకోవడం లేదు.

‘ఘాటీ దిగేటప్పుడు బండి పక్కకి లాగేస్తది బావూ. డ్రైవర్ పోతాడు. రేపు ఈ బాడీ ఎవడు కట్టేడంటే నా పేరే సెప్తారు.’

‘ఫైనాన్సు నువ్వు కడతావా? ఆ నాలుగు బస్తాలు ఎక్కకపోతే నాకు కిస్తీ ఎల్లదు.’

అరగంట నడిచింది. మధ్యలో డ్రైవర్‌ని పిలిచి అడిగారు. అతను మేస్త్రీ వైపు మాట్లాడాడు, ఓనరు వైపు కూడా ఒక మాట చెప్పాడు. చివరికి ఓనరు అడిగినంత ఎత్తు పెరగలేదు, మేస్త్రీ చెప్పినంత తగ్గలేదు. ఇద్దరి మొహాల్లోనూ పూర్తి తృప్తి లేదు.

నాకప్పుడు మా హాలు గుర్తొచ్చింది. ఈ షెడ్డులో మేధావి అనే బోర్డు ఎవరికీ లేదు. కానీ మాట్లాడిన ఇద్దరికీ పోయేది ఉంది. బండి నడిపేవాడు చివరి వరసలో లేడు, పిలిచి అడిగారు. షెడ్డులోకి వచ్చినప్పటి మాట మీదే వెళ్లినవాడు ఒక్కడూ లేడు.

రౌండ్ టేబుళ్లు వద్దని నేననను. ఊళ్లో పదిమంది ఒక విషయం కోసం ఒక పూట కేటాయించడం ఈ రోజుల్లో తక్కువ కాదు. ఈసారి మీకు ఆ మెసేజ్ వస్తే వెళ్లండి. రీల్ తీసి వచ్చేయకుండా చివరిదాకా కూర్చోండి. తీర్మానాలు చదివేటప్పుడు ఒక్కసారి లేచి, మర్యాదగానే అడగండి. ‘వీటితో ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల మాట కూడా కింద రాయండి.’ అంతే. గొడవ పెట్టుకోమని కాదు. తీర్మానం పేపర్లో కింద రెండు లైన్ల ఖాళీ అడగమని.

కొటియా మీద మళ్లీ మీటింగ్ పెడతారని విన్నాను. ఈసారి నేను ఆ తాతని ముందు వరసలో కూర్చోబెడదామనుకుంటున్నా. పక్కనే ఆయన తమ్ముడి కొడుకుని కూడా. వాళ్లిద్దరూ మా అందరి ముందూ వాదించుకోవాలి. భోజనాలకి ముందే.